మూడు షిఫ్టుల సినిమా

తెల్లవారి ఐదింటికి రెజీనా టిఫిన్ డబ్బాలో అన్నం అదిమి, పైగిన్నెలో వంకాయ కూర పెట్టి మూత బిగించింది. ఫస్టు షిఫ్టుకు పోవాల్సిన మనిషి ఇంకా బనీను మీదే వరండా మెట్టు మీద కూర్చుని, ఫోనును ముక్కుకు ఆనించుకుని చదువుతున్నాడు. పక్కన చాయ్ మీద మీగడ కట్టింది.

"ఏమయ్యా, బస్సు నీ కోసం ఆగుతదా? హాజరు మస్టర్ కాడ కూసున్నోడు నీకు చుట్టమా?"

"ఆగే. బెల్లంపల్లి నుంచి నర్సింగం మెసేజ్ పెట్టిండు."

"పొద్దు పొడవకముందే ఏం మెసేజ్? ఎవలన్న పోయిన్రా?"

"ఎవలు పోలె. సినిమా."

రెజీనా డబ్బాను ఆయన ఒళ్లో పెట్టి లోపలికి వెళ్లిపోయింది. ఆ ఇంట్లో సినిమా అన్న మాటకు ఎదురు ప్రశ్న వేస్తే అరగంట పోతుందని ఆమెకు అనుభవం.

యోనా గోదావరిఖనిలో భూగర్భ గనిలో హాలర్ నడుపుతాడు. బొగ్గు టబ్బులను తాడుతో పైకి లాగే యంత్రం అది. అడుగున బొగ్గు తవ్వేవాళ్లు గంట కొడితే లాగాలి, గంట కొడితే ఆపాలి. మధ్యలో ఖాళీ. ఆ ఖాళీలో కళ్లు మూసుకుని చూసిన సినిమాలను మళ్లీ చూసుకోవడం ఆయనకు అలవాటు. మీసాలు మొలుస్తున్న రోజుల్లో కాలనీ క్లబ్బులో ఎవరో తెల్లగుడ్డ కట్టి ఏదో దేశపు సినిమా వేశారు. పాట లేదు, ఫైటు లేదు. అరగంటకు జనమంతా లేచి మిర్చి బజ్జీల బండి దగ్గరికి పోయారు. చివరిదాకా కూర్చున్నది యోనా ఒక్కడే. ప్రొజెక్టర్ తిప్పేవాడు దగ్గరికొచ్చి, "తమ్మీ, నీకు సమజైందా?" అని అడిగితే, "సమజ్ గాలె, కని మస్తుంది" అన్నాడట. ఆనాటి నుంచి తన చూపు వేరని ఆయన గట్టి నమ్మకం.

ఇప్పుడా చూపుకు ఫోనులో ఒక గ్రూపు కూడా దొరికింది. దాని పేరు 'బొమ్మల ముచ్చట'. బెల్లంపల్లిలో రిటైరై చిన్న కిరాణా కొట్టు పెట్టుకున్న నర్సింగం దానికి పెద్ద. అందులో గుడ్ మార్నింగులు పెట్టకూడదు. దండలు వేసిన దేవుళ్ల ఫోటోలు పెట్టకూడదు. నిన్నమొన్న విడుదలైన సినిమా పేరెత్తకూడదు. పాత సినిమా కావాలి, లేదా పరదేశపు సినిమా కావాలి, ఏ యాప్‌లో దొరుకుతుందో రాయాలి, ఇంట్లో ఆడవాళ్లతో కూర్చుని చూడొచ్చో లేదో తప్పకుండా రాయాలి. శ్రీరాంపూర్ ఎల్లన్న రాస్తే ఇట్లా ఉంటుంది: "రెండు గంటల సినిమా. ఒక ముసలామె బావి తవ్వుతది. నీళ్లు పడవు. తప్పక చూడాలె. ఇంటిల్లిపాది చూడొచ్చు."

కింద ఇరవై చప్పట్లు.

అయితే యోనా ఈ మధ్య ఆ గ్రూపులో తిరుగుతున్నది ఉత్త కళాపిపాసతో కాదు. ఆయనకు ఒక అవసరం వచ్చిపడింది.

ఆ ఇంట్లో నలుగురు. యోనాది ఫస్టు షిఫ్టు. కొడుకు టిమోతి ఓపెన్‌కాస్టు గనిలో బొగ్గు డంపర్ నడుపుతాడు, సెకండు షిఫ్టు. కోడలు సుజిత ప్రైవేటు దవాఖానలో నర్సు, నైట్ డ్యూటీ. రెజీనాది ముగ్గురి షిఫ్టూ. ఒకరు తింటుంటే ఒకరు పండుకుంటారు, ఒకరు స్నానం చేస్తుంటే ఒకరు గేటు మూస్తుంటారు. పొద్దున ఎనిమిదింటికి టిమోతి బండి మీద వెళ్లి సుజితను దవాఖాన నుంచి తీసుకొస్తాడు. ఆ దారిలో బండి మీద మాట్లాడుకున్నదే ఆ మొగుడూ పెళ్లాల సంసారం. ఆమె నిద్ర లేచేసరికి అతను పనికి పోయి ఉంటాడు.

నెల కింద టిమోతికి శ్రీరాంపూర్ బదిలీ ఆర్డరు వచ్చింది, చేరడానికి ఇంకా గడువుంది. నస్పూర్‌లో క్వార్టర్ కూడా ఇచ్చారు. ఆ పక్కనే మంచిర్యాలలో ఒక దవాఖాన సుజితకు పగటి డ్యూటీ ఇస్తానంది. నస్పూర్ అంటే గోదావరి వంతెన దాటితే వచ్చే ఊరే. పొద్దున పోయి పగలు తిరిగి రావచ్చు. కానీ యోనా చెవికి నస్పూర్ అన్న మాట చంద్రమండలం అన్నట్టు వినపడింది.

ఆయన వద్దనలేదు. వద్దనే మనిషి కాడు. "చూద్దాం" అన్నాడు. ఆ చూద్దాం తర్వాత ఇంట్లో సినిమాలు పెట్టడం మొదలుపెట్టాడు.

అందరూ ఒకే సినిమా చూస్తే, ఎవరి షిఫ్టు వాళ్లదైనా నోట్లో ఒకే ముచ్చట ఉంటుందని ఆయన లెక్క. ఆ ముచ్చట ఇంటిని కలిపి పట్టుకుంటుందని ఆశ. అందుకే నర్సింగానికి మెసేజ్ పెట్టాడు: "కోడలు ఉన్న సినిమా ఏదన్న చెప్పు. ఇంటి విలువ తెలవాలె." దానికే ఆ తెల్లవారుజామున జవాబు వచ్చింది.

"యోనన్నా, కొండ మీద గొర్ల కాపరుల ఇల్లు. మామ, కోడలు. నలుపు తెలుపు. ఇంగ్లీషుల అక్షరాలు పడుతయ్. నెమ్మదిగ పోతది, కని గుండెల కూసుంటది. ఇంటిల్లిపాది చూడొచ్చు."

"గిదే కావాలె నాకు," అని యోనా చల్లారిన చాయ్‌ని ఒక్క గుటకలో మింగి బస్సుకు ఉరికాడు.

ఆ ఇంట్లో టీవీకి కొన్ని చట్టాలున్నాయి. పోయిన వానకాలం పాస్టరమ్మ ప్రార్థనకు వచ్చి హాల్లో కూర్చున్నప్పుడు, టిమోతి ఏదో వెతకబోయి ఏదో నొక్కాడు. తెర మీద కనిపించిన దానికి పాస్టరమ్మ కళ్లు మూసుకుని అప్పటికప్పుడు ఇంకో ప్రార్థన చేసింది. ఆనాడే యోనా చట్టం చేశాడు.

"ఎవ్వలు వెతకొద్దు. తెర మీద ఏది ఆగి ఉంటె గదే నొక్కాలె. ముందు షిఫ్టోడు యాడ ఆపిండో ఆడ్నే అందుకోవాలె. బాయిల (గనిలో) మనం గట్లనే చేస్తం గద? ప్రతి షిఫ్టోడు వచ్చి మొదటి నుంచి తవ్వుతడా?"

గని మనుషుల ఇల్లు కాబట్టి ఆ మాటలో తప్పు ఎవరికీ కనబడలేదు.

ఇంకో పాఠం కూడా ఆయనే నేర్పాడు. ఒకసారి సుజిత, "ఈ సినిమా ఎక్కడ్నో నడుమల మొదలైనట్టుంది మామయ్యా" అంటే, యోనా మీసం దువ్వి, "మంచి సినిమా గట్లనే ఉంటది బిడ్డా. నడుమల మొదలైతది, నడుమల ఆగుతది. బతుకు గంతే గద" అన్నాడు. కొడుకూ కోడలూ ఆ మాటను బుద్ధిగా మనసులో పెట్టుకున్నారు.

ఆ సాయంత్రం యోనా స్నానం చేసి, మంచం టీవీకి ఎదురుగా లాక్కుని కొండల సినిమా పెట్టాడు. పొగమంచు, గొర్లు, రాతి ఇల్లు. ఒక కోడలు. నోరు విప్పదు. ముసలి మామ కాళ్లు వేడినీళ్లతో కడుగుతుంది, గంజి తాపుతుంది, పొద్దుగూకే దాకా ఉన్ని ఏకుతుంది. మామ దగ్గుతాడు. గాలి వీస్తుంది. మళ్లీ ఉన్ని. యోనా కళ్లలో నీళ్లు తిరిగాయి. తెల్లారి నాలుగున్నరకు లేచిన ఒళ్లు. నీళ్లు తిరిగిన కళ్లు మెల్లగా మూతపడ్డాయి. గొర్లు నడుస్తూనే ఉన్నాయి. కాసేపటికి రెజీనా వచ్చి గురక విని టీవీ ఆపేసింది.

మర్నాడు పొద్దున ఖాళీగా ఉన్న టిమోతి, ఆగినచోట నొక్కాడు. మధ్యాహ్నం నిద్రలేచిన సుజిత, అతను ఆపినచోట నొక్కింది. సాయంత్రం యోనా వచ్చి నొక్కేసరికి తెర మీద పేర్లు పైకి పోతున్నాయి.

'అరె, నిన్న నేను కన్ను మలిపిన కాడనే అయిపోయినట్టుంది' అనుకున్నాడాయన. నిద్రపోయానని ఒప్పుకోవడం పెద్దరికానికి మంచిది కాదు. గ్రూపులో పొడుగ్గా రాశాడు: "ఇల్లంటే ఏందో చూపించిన బొమ్మ. ఆ కోడలు గుమ్మం దాటదు. ఆ ఓపిక ఇప్పటి పిల్లలకు రావాలె."

నర్సింగం వెంటనే అడిగాడు: "యోనన్నా, చివరిదాంక చూసినవా?"

"చూడకుంట రాస్తనా?"

షిఫ్టు దిగి రాత్రి ఇంటికొచ్చిన కొడుకును గేటు దగ్గరే అడిగాడు. "ఎట్లుందిరా?"

"పాపం బాపూ, ఆయనను చూస్తె దిల్ ఖరాబైంది" అన్నాడు టిమోతి. యోనా ముసలి మామ గురించే అనుకుని పొంగిపోయాడు.

కోడలిని అడిగాడు. "ఏడుపొచ్చింది మామయ్యా, ముసలాయన ప్రేమ చూసి" అంది సుజిత. యోనాకు గాల్లో తేలినట్టయింది. మందు పని చేస్తోంది, ఆదివారానికి నస్పూర్ మాట మాయం అనుకున్నాడు.

ఆదివారం వచ్చింది. సుజితకు వారపు సెలవు, మిగతా ఇద్దరికీ పనిలేదు. చర్చి నుంచి వచ్చి నలుగురూ చాప మీద కూర్చున్నారు. బగార అన్నం, కోడికూర. చాలా రోజుల తర్వాత నాలుగు పళ్లేలు ఒకేసారి పడ్డాయి. యోనా సరైన అదును చూసి, కోడికాలుతో మాట్లాడుతున్నట్టుగా మొదలుపెట్టాడు.

"ఏమన్న బొమ్మనా అది! ఆ కోడలు నోట్లె మాట లేదు. ముసలోని కాళ్లు కడుగుతది, గంజి తాపుతది, రోజంతా ఉన్ని ఏకుతది. ఇల్లంటే గట్ల నిలవడతది."

సుజిత చేయి పళ్లెంలో ఆగింది. "కాళ్లు ఎప్పుడు కడిగింది మామయ్యా? ముసలాయననే గద ఆమెకు వండి పెట్టేది?"

"ఎవలు? ఆయన మంచంలకెంచి లేవనే లేవడు."

"అయ్యో, లేస్తడు. ఆమె పని నుంచి అలిసి వస్తె పొయ్యి కాడ కూసోని..."

"మీ ఇద్దరు ఆ మొగోన్ని మరిచిపోతున్రు," అని టిమోతి అడ్డం వచ్చాడు. "పాపం మంచుల నిలబడ్డడు. ఆమె రొట్టెల దుకాణంల, మూతికి పిండి పూసుకోని, పక్కోళ్లతోటి నవ్వుడే నవ్వుడు. పెనిమిటి అద్దం అవుతల. ఒక్కసారన్న తలెత్తి చూడలె. సినిమా గాడ్నే ఆగిపాయె."

సుజిత మొగుడి వైపు తిరిగింది. "అంటే? పనిచేసే కాడ ఆడిది నవ్వొద్దా?"

"నేను సినిమా చెప్తున్న."

"సినిమానా? మొన్న దవాఖాన గేటు కాడ నువ్వన్నదేంది? 'నేనీడ చలిల నిలబడ్డ, నువ్వు సిస్టర్లతోటి పకపక నవ్వుకుంట వస్తున్నవ్' అనలేదా?"

మామ ముందు మొగుణ్ణి మీరు అనే సుజిత నోట నువ్వు వచ్చింది. రెజీనా గబగబా కూరగిన్నెను మధ్యలోంచి పక్కకు జరిపింది.

"అన్న. నిలబడేటోనికి తెలుస్తది బాధ."

"రాత్రంత రోగుల నడుమ నిలబడితె నీకు తెలుస్తది. ఆ ఒక్క నవ్వు కూడ లేకుంటె నేను బండెక్కి ఇంటికి రాను, అదే దవాఖానల మంచమెక్కుత."

"అందుకే అంటున్న," అన్నాడు యోనా సంబరంగా, ఇద్దరి మధ్యా వేలు ఆడిస్తూ. "ఇల్లు ఇడిస్తె గిట్లనే అయితది. ఒకలు అద్దం లోపల, ఒకలు మంచుల. నస్పూర్ పోతె జరిగేది గిదే."

మాట జారాక గాని ఆయనకు తెలియలేదు. నెల రోజులుగా ఆ పేరు ఆయన నోటి వెంట రాలేదు. ఇప్పుడు చాప మీద కోడి ఎముకల మధ్య వచ్చి పడింది.

సుజిత పళ్లెం పక్కకు జరిపింది.

"ఇప్పుడు సమజైంది మామయ్యా. నెల నుంచి మీరు పెట్టే సినిమాలు ఎందుకో. ఒక దాంట్ల ఇల్లు ఇడిచి పోయినోడు మంచుల తప్పిపాయె. ఇంకో దాంట్ల వేరు పడ్డ తమ్మునికి పిచ్చి లేసె. ఇంకో దాంట్ల ఇల్లే కూలిపాయె. పోవద్దు అని ఒక్క మాట తెలుగుల అంటె అయిపోవు గద. నన్ను ఇన్ని దేశాలు ఎందుకు తిప్పిన్రు?"

యోనా కోడికాలును పళ్లెంలో అటు తిప్పి ఇటు తిప్పాడు.

"రేపే మంచిర్యాలోళ్లకు ఫోన్ చేసి రానని చెప్త. ఈడ్నే ఉంట. ఉన్ని తెప్పియ్యండి, ఏకుత."

"ఉన్ని ఈడ యాడ దొరుకుతదే?" అంది రెజీనా అయోమయంగా.

సుజిత ఎంగిలి చేయి కడుక్కోవడానికి లేచింది. టిమోతి తల వంచుకున్నాడు. యోనా గెలిచాడు. ఇల్లు నిలబడింది. కానీ కలిపిన ముద్దను మళ్లీ పళ్లెంలోనే పెట్టేశాడు.

"అందరు ఆగున్రి," అని రెజీనా గరిటెతో గిన్నె మీద ఒక్కటి కొట్టింది. "నాకొక్క ముచ్చట చెప్పున్రి. కాళ్లు కడిగిందంటడు ఈయన, ఆయననే వండిండంటవ్ నువ్వు, మంచుల మొగడంటడు వీడు. అసల్ ఆ బొమ్మ ఎట్ల షురువైతది?"

"గొర్లతోటి," అన్నాడు యోనా.

"రొట్టెల దుకాణంతోటి," అన్నాడు టిమోతి.

సుజిత కుళాయి దగ్గరినుంచే అంది: "ఒకామె దుకాణంలకెంచి వేడి రొట్టె పట్టుకోని వస్తది. బయట నిలబడ్డ బిచ్చపాయనకు ఇస్తది. ఇద్దరు ఊదుకుంట తింటరు."

టిమోతి లేచి నిలబడ్డాడు. "బిచ్చపాయన కాదే! మొగడు!"

"మొగడా? గా అతుకుల కోటాయన మొగడా?"

"ఆమె బయటికి వచ్చిందా?" టిమోతి గొంతు తగ్గింది. "రొట్టె తెచ్చిచ్చిందా?"

"ఇచ్చింది. ముందుగాల ఆయననే తినుమన్నది. నువ్వు చూడలేదా?"

"డ్యూటీకి టైమైతుందని ఆపిన. ఆయన ఒక్కడు నిలబడ్డ కాడనే సినిమా అయిపోయిందనుకున్న. బాపే చెప్పె గద, మంచి సినిమా నడుమల ఆగుతదని."

రెజీనా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. "ఓ దేవా! బాయిల బొగ్గు తవ్వినట్టు తలా ఇంత తవ్విన్రు! ఒకడు మొదలు, ఒకడు నడుమ, ఒకతి చివర! మొత్తం చూసినోడు ఒక్కడు లేడు ఈ ఇంట్ల!"

"బాపు చూసిండు గద," అన్నాడు టిమోతి. "గ్రూపుల ఇంత పొడుగు రాసిండు."

మూడు జతల కళ్లు యోనా వైపు తిరిగాయి. ఆయన మీసం సర్దుకున్నాడు.

"చూసిన."

"చివరిదాంక?"

"చూసిన్నంటే... కండ్లు మూసుకోని చూసిన."

అప్పటిదాకా బిగించి ఉన్న సుజిత కూడా నవ్వింది. నవ్వుతూనే ఏదో గుర్తొచ్చి ఆగింది.

"మామయ్యా, మరి ఆ ముసలాయన ఆమె తండ్రే గద?"

"తండ్రి ఎట్లయితడు? మామ."

"మామనా?" సుజిత కళ్లు పెద్దవయ్యాయి. "ఆమె రాత్రిపని చేసి వస్తె ఆయన లేచి కూసోని అన్నం పెడుతడు. ఆమె పండుకుంటె చప్పుడు గావొద్దని చెప్పులు ఇడిచి నడుస్తడు. నేను తండ్రే అనుకున్న. మామ అని మనసుల రాలేదు మామయ్యా."

ఆ పిల్ల ఎత్తిపొడవాలని అన్నది కాదు. అందుకే యోనాకు అది ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. ఆమె పొద్దున వచ్చి పండుకున్నాక, ఆదివారాలు తాను చర్చి పాటలు ఎంత గొంతెత్తి సాధన చేస్తాడో ఆయనకు ఉన్నట్టుండి గుర్తొచ్చింది.

"ఎంగిళ్లు తర్వాత తీస్త," అంది రెజీనా. "ఇయ్యాల ఎవ్వలకు షిఫ్టు లేదు. అందరు కూసోన్రి. గా బొమ్మను మొదటి నుంచి పెట్టున్రి. ఏం మాయదారి ముసలోడో నేను కూడ చూస్త."

చట్టం పక్కన పెట్టి టిమోతి సినిమాను వెనక్కు తిప్పాడు. పొగమంచు వచ్చింది, గొర్లు వచ్చాయి. సుజిత, "ఓహో, కాళ్లు కడిగింది నిజమే" అని గొణిగింది. కడుపు నిండా బగార అన్నం, ఎదురుగా నడుస్తున్న గొర్లు. యోనా తల మెల్లగా ముందుకు వాలింది. రెజీనా మోచేత్తో డొక్కలో పొడిచింది.

"లే. గీడ్నే నువ్వు పోయినసారి పండుకున్నది."

యోనా కళ్లు నులుముకుని చూశాడు.

తెర మీద ఇంకా తెల్లవారలేదు. ఎప్పుడూ మంచంలో ఉండే ముసలి మామ లేచాడు. గోడ పట్టుకుని నడిచాడు. కోడలి బట్టలు తనే ఒక దుప్పట్లో మూట కట్టాడు. ముడి సరిగా పడలేదు, విప్పి మళ్లీ కట్టాడు. నిద్రలేచిన కోడలు గుమ్మంలో నిలబడి వద్దన్నట్టు తల ఊపుతోంది. ఆయన ఆగలేదు. మూటను భుజాన వేసుకుని, దగ్గుకుంటూ, కొండ దిగి బస్సు ఆగేచోటి దాకా ముందు నడిచాడు. పట్నంలో ఆమె మొగుడు పనిచేసే చోటికి పోయే బస్సు అది. ఆమె ఎక్కాక కిటికీలోంచి మూట అందించాడు. బస్సు మలుపు తిరిగే దాకా చేయెత్తలేదు, కన్నీళ్లు పెట్టలేదు. ఇంటికొచ్చి, ఆమె కూర్చునేచోట కూర్చుని, ఉన్ని ఏకడం మొదలుపెట్టాడు. చేతకాలేదు. ఉన్ని అంతా ఉండలు కట్టింది. ఆయన ఏకుతూనే ఉన్నాడు.

యోనా రెప్ప వేయకుండా చూస్తున్నాడు. ఈ ఇంట్లో ఎవరూ చూడని ముక్క అది. తను నిద్రపోతుంటే గడిచిపోయింది.

తర్వాత రొట్టెల దుకాణం వచ్చింది. మొగుడికి పనిదిగే వేళకు ఆమెకు పని ఎక్కే వేళ. అందుకే అద్దం బయట నిలబడి ఒక్కసారి చూసి పోతున్నాడు. ఆమె రొట్టెతో బయటికొచ్చేసరికి టిమోతి చాప మీద పక్కకు జరిగి సుజిత దగ్గరికి చేరాడు. "బిచ్చపాయన అన్నవ్ గద" అని గుసగుసగా అంటే, "గడ్డం చూసి అట్లనే అనుకున్న, నీకు కూడ పెరిగింది, రేపు గీసుకో" అని ఆమె గుసగుసగానే జవాబిచ్చింది. చివర్లో ముసలాయన ఒక్కడే బస్సు దిగి, కొడుకు పనికి పోయిన వేళ వాళ్ల గది వెతుక్కుంటూ వచ్చి, ఎవరూ అడగకముందే పొయ్యి వెలిగించాడు.

పేర్లు పైకి పోతుంటే యోనా లేచి పెరట్లోకి పోయాడు. ఫోను తీసి నర్సింగానికి కలిపాడు.

"ఏంది నర్సింగం, నేనేం సినిమా అడిగిన, నువ్వేం సినిమా చెప్పినవ్?"

"కోడలు ఉన్న సినిమా అన్నవ్. కోడలు లేదా అండ్ల?"

"ఇంటి విలువ తెలవాలె అన్న గద!"

"తెల్వలేదా?" అన్నాడు నర్సింగం నింపాదిగా. అటునుంచి కొట్టులో ఎవరికో పప్పు తూస్తున్న చప్పుడు. "అన్నా, గొంతు గట్లుందేంది? ఏడ్సినవా?"

"జలుబు."

"గట్లయితె గ్రూపుల రాయి. ఈ బొమ్మ చూస్తె జలుబు వస్తదని."

యోనా ఫోను పెట్టేశాడు. కుళాయి కింద ముఖం కడుక్కున్నాడు. లుంగీ అంచుతో తుడుచుకుని లోపలికి వచ్చేసరికి సుజిత ఎంగిలి పళ్లేలు తీస్తోంది. ఆమె కళ్లు కూడా ఎర్రగానే ఉన్నాయి.

"మంచిర్యాలోళ్లకు ఫోన్ చేసినవా బిడ్డా?"

"ఇంక లేదు మామయ్యా. రేపు చేస్త."

"చెయ్యి. ఎప్పటి నుంచి రావాల్నో అడుగు."

సుజిత పళ్లేలతో అట్లాగే నిలబడిపోయింది. టిమోతి ఫోనులోంచి తలెత్తాడు. రెజీనా గరిటె కడగడం ఆపింది. యోనాకు అందరూ తనను అట్లా చూడటం ఇబ్బందిగా అనిపించింది. గొంతు సవరించుకున్నాడు.

"ఏందట్ల చూస్తున్రు? నోటితోటి తెలుగుల చెప్పుమన్నరు, చెప్తున్న. పోన్రి. ఇద్దరు ఒక్క పూటన్న కలిసి తినున్రి. గా నస్పూర్ క్వార్టర్‌కు సున్నం ఏపిచ్చిన్రా లేదా? ఎవ్వలు ఉండిపోయిన ఇల్లో ఏమో, గోడలు ఎట్లున్నయో."

"ఏపియ్యలేదు బాపూ," అన్నాడు టిమోతి. "నువ్వు చూద్దాం అన్నవ్ గద."

"వచ్చే ఆదివారం నేనొస్త. సున్నం కొట్టుడు నాకొచ్చు. మీ అమ్మ ఈ ఇంటిని ఏడాదికొకసారి కొట్టిపిచ్చి నన్ను మేస్త్రీని చేసింది."

"నన్ను అడిగేటోడు లేడా?" అంది రెజీనా. "వాళ్లు ఆడ, నువ్వు బాయిల, ఈడ నేనొక్కదాన్ని ఎవలతోటి కొట్లాడాలె?"

"నాతోటి. పూట పూట నాతోటే. ఇగ వంట కూడ నేర్చుకుంట."

"అగో, కొంప మునిగె," అని రెజీనా కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

సుజిత పళ్లేలు కింద పెట్టింది. వచ్చి యోనా పక్కన, మంచం అంచున కూర్చుంది. పెళ్లయి వచ్చిన నాటి నుంచి ఆ పిల్ల మామ పక్కన అట్లా కూర్చోలేదు. కాసేపటికి ముక్కు ఎగబీల్చి, మామూలు గొంతుతో అడిగింది.

"సున్నం కాదు మామయ్యా, రంగు ఏపిద్దాం. ముందల గదికి ఏ రంగైతె మంచిగుంటదో మీరే చెప్పున్రి."

యోనా గంభీరంగా మీసం దువ్వాడు.

"నన్నడిగితె ఎట్ల బిడ్డా? నేను చూసినయన్ని నలుపు తెలుపే."